రాజ్యాంగ సభలో మన తెలంగాణ వాళ్ళు ఒక్కరూ లేరట, నిజమేనా?

ఓరుగల్లు పోరడు | రాత్రి 8:42
మా చెల్లె కాలేజీలో డిబేట్ ఉంది. టాపిక్: "రాజ్యాంగం ఈ దేశ ప్రజలందరూ కలిసి రాసుకున్నదేనా?" తనకు "కాదు" అనే పక్షం వచ్చింది. నోట్స్ కోసం వెతుకుతుంటే, హైదరాబాద్ సంస్థానం నుంచి రాజ్యాంగ సభలో ఒక్క సభ్యుడు కూడా లేడని ఒకచోట కనిపించింది. ఇది నిజమేనా? నిజమైతే వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జనం మాట అక్కడ ఎవరు చెప్పినట్టు? తెలిసినవాళ్ళు చెప్పండి. వాట్సాప్ ఫార్వర్డ్‌లు మాత్రం వద్దు, ఇంట్లో వాటితోనే చస్తున్నాం.

జ్యోతి జనగామ | రాత్రి 9:05
నిజమే తమ్ముడూ. 1946 డిసెంబర్ 9న ఢిల్లీలో సభ మొదలైనప్పుడు సంస్థానాల వాళ్ళెవరూ లేరు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి చేరారు. నిజాం మాత్రం 1947 జూన్‌లోనే తాను ఎవరితోనూ కలవనని ఫర్మానా, అంటే రాజాజ్ఞ, ఇచ్చాడు. 1948 సెప్టెంబర్ 17న సంస్థానం లొంగిపోయాక మిలిటరీ గవర్నర్ పాలన వచ్చింది. సభ్యుల్ని ఎన్నుకొని పంపడానికి ఇక్కడ జనం ఎన్నుకున్న చట్టసభ ఉంటే కదా! హైదరాబాద్‌కు కేటాయించిన సీట్లు చివరిదాకా ఖాళీగానే ఉండిపోయాయి.

1949 నవంబర్ 23న నిజాం ఇంకో ఫర్మానా ఇచ్చాడు. ఢిల్లీలో తయారవుతున్న రాజ్యాంగమే హైదరాబాద్‌కూ వర్తిస్తుందని దాని సారాంశం. మూడు రోజులకు, 26న, సభ రాజ్యాంగాన్ని ఆమోదించింది. 1950 జనవరి 24న 284 మంది సంతకాలు పెట్టారు. వాటిలో హైదరాబాద్ సంస్థానం తరఫున ఒక్కటీ లేదు.

సరోజినీ నాయుడు హైదరాబాద్ మనిషే, సభలోనూ ఉన్నారు. కానీ ఆమె వచ్చింది బీహార్ తరఫున. సంతకాల రోజుకు ఆమె బతికి లేరు కూడా, 1949 మార్చిలో పోయారు.

చెల్లెకు ఇంకో పాయింట్: సభ్యుల్ని జనం నేరుగా ఎన్నుకోలేదు. బ్రిటిష్ ప్రాంతాల శాసనసభలు ఎన్నుకున్నాయి. ఆ శాసనసభలకు ఓటేసిందేమో ఆస్తి, పన్ను, చదువు లాంటి అర్హతలు ఉన్నవాళ్ళు మాత్రమే. మొత్తం సభలో ఆడవాళ్ళు పదిహేను మంది.

కాజీపేట రైలుబండి | రాత్రి 9:21
అంటే మనకు రాజ్యాంగం కూడా ఫర్మానా మీదే వచ్చిందన్నమాట. నిజాం ఫర్మానాతో జాగీర్లు వచ్చాయి, వెట్టి వచ్చింది, చివరికి ప్రజాస్వామ్యం కూడా వచ్చింది. బాగుంది. రిటైరయ్యాక ఇలాంటివి తెలుస్తుంటే బీపీ పెరుగుతుంది.

ఓరుగల్లు పోరడు | రాత్రి 9:26
బాపూ, ఇది నేను చెల్లెకు రాసిస్తున్నా. డిబేట్‌లో చప్పట్లు గ్యారంటీ.

హన్మకొండ వకీలు | రాత్రి 10:10
చప్పట్ల వరకు అది చాలు. కానీ అవతలి పక్షంలో తెలివైన పిల్ల ఎవరైనా ఉంటే ఒక్కటే ప్రశ్న వేస్తుంది: సభలో మీ మనిషే లేనప్పుడు, మీ రాష్ట్రం ఏ దారిలో వచ్చింది? ఆ దారి వేసింది ఆ సభే. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

1948 నవంబర్. పోలీసు చర్య జరిగి రెండు నెలలు. ఇక్కడ ఊళ్ళలో మిలిటరీ తిరుగుతోంది, అక్కడ ఢిల్లీలో ఆర్టికల్ 3 చర్చకు వచ్చింది. కొత్త రాష్ట్రాల ఏర్పాటు, సరిహద్దులు, పేర్ల మార్పు అన్నీ దాని కిందికే వస్తాయి. ముసాయిదాలో ఏముందంటే, ఒక ప్రాంతం విడిపోవాలంటే ఆ ప్రాంతం నుంచి గెలిచిన సభ్యుల్లో ఎక్కువమంది రాష్ట్రపతికి విన్నవించుకోవాలి, లేదా శాసనసభ తీర్మానం చేయాలి. అంబేద్కర్ దీన్ని మారుస్తూ సవరణ తెచ్చారు. రాష్ట్రపతి సిఫారసుతో పార్లమెంటులో బిల్లు పెట్టవచ్చు, శాసనసభ అభిప్రాయం కనుక్కుంటే చాలు.

సభలో సభ్యుడైన ప్రొఫెసర్ కె.టి. షా దీనికి ఒప్పుకోలేదు. విడగొట్టే ప్రతిపాదన ఆ రాష్ట్ర శాసనసభలోనే పుట్టాలి, కేంద్రం పైనుంచి రుద్దకూడదు అన్నారు. వింటే ఎవరికైనా న్యాయంగానే అనిపిస్తుంది. అప్పుడు ఇంకో సభ్యుడు కె. సంతానం లేచి మద్రాసును ఉదాహరణగా చూపించారు. ఆంధ్రులు విడిపోతామంటారు, మద్రాసు శాసనసభలో తీర్మానం పెడతారు, మెజారిటీ దాన్ని ఓడిస్తుంది, ఇక ఆంధ్రులకు దారే ఉండదు, షా గారు చెప్పినట్టు చేస్తే జరిగేది ఇదే అన్నది ఆయన మాటల సారం. షా సవరణ వీగిపోయింది.

ఇప్పుడు మన లెక్క వేసుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 294 సీట్లు. తెలంగాణవి 119. షా మాట నెగ్గి ఉంటే సకల జనుల సమ్మె ఇంకో పదేళ్ళు చేసినా తీర్మానం గట్టెక్కేది కాదు. 2014 జనవరి 30న అసెంబ్లీ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది కూడా. అయినా ఫిబ్రవరి 18న లోక్‌సభలో, 20న రాజ్యసభలో బిల్లు పాసైంది. ఎందుకంటే అసెంబ్లీ అభిప్రాయం అడగాలే గానీ, దానికి పార్లమెంటు కట్టుబడనక్కర్లేదని బొంబాయి రాష్ట్రం కేసులో, బాబూలాల్ పరాటే తీర్పులో, సుప్రీంకోర్టు 1959లోనే చెప్పేసింది.

బిల్లు అసెంబ్లీకి వచ్చిన ఆ రోజుల్లో మా బార్ గదిలో అందరి చేతుల్లో నలిగిన బేర్ యాక్ట్ (వ్యాఖ్యలు లేని చట్టం పుస్తకం) ఒకటుండేది. ఆర్టికల్ 3 పేజీ అంచు వేళ్ళ మురికికి నల్లబడింది. కింది షరతు దగ్గర "అభిప్రాయం" అనే మాట కింద ఎవరో ఎర్ర పెన్నుతో రెండు గీతలు కొట్టారు. పక్క ఖాళీలో ఇంకెవరో 294 – 119 అని రాసిపెట్టారు. క్రిమినల్ కేసులు తప్ప ఇంకేవీ ముట్టని మా సీనియర్ ఒకాయన కూడా టీ తాగుతూ దాని మీద లెక్చర్ ఇచ్చేవాడు.

సభలో మన సీట్లు ఖాళీ. ఉదాహరణగా చెప్పిందేమో ఆంధ్ర వాళ్ళ బాధ. చివరికి అది పనికొచ్చింది మనకు.

నెల్లూరు నాగు | రాత్రి 10:48
వకీలు గారూ, నేను మీ ఊళ్ళో ఆర్‌ఈసీ ఇంజినీరింగ్ కాలేజీలో చదువుకున్న నెల్లూరు వాణ్ణి, నన్ను తన్నకుండా వినండి. ఆ ఆర్టికల్ 3 మీకు పండగ, మాకు కాదు. ఒక రాష్ట్ర అసెంబ్లీ వద్దని పంపిన బిల్లును పక్కన పడేశారు. లోక్‌సభలో ఓటింగ్ రోజున ప్రత్యక్ష ప్రసారం కూడా ఆగిపోయింది. అభిప్రాయం అడిగి, విని, చెత్తబుట్టలో వేస్తే ఇక అడగడం దేనికి?

ఒక్క ఆంధ్ర గురించే కాదు. 2019లో జమ్మూ కాశ్మీర్‌ను రెండు కేంద్రపాలిత ప్రాంతాలు చేసినప్పుడు అక్కడ అసెంబ్లీయే లేదు. రాష్ట్రపతి పాలన కదా అని ఆ అభిప్రాయం కూడా పార్లమెంటే చెప్పుకుంది. షా భయపడింది సరిగ్గా దీనికే. రేపు ఢిల్లీలో ఎవరికో బుద్ధి పుట్టి తెలంగాణను రెండు ముక్కలు చేస్తామంటే, అప్పుడు కూడా సంతానం గారికి దండ వేస్తారా?

భీమారం బ్యాచ్ | రాత్రి 10:55
అన్నా మీరు దండల దగ్గరికి వచ్చేశారు, నాకు గ్రూప్స్‌లో ఇదంతా ఒక మార్కు బిట్టు 😅

కాజీపేట రైలుబండి | రాత్రి 11:02
నాగు తమ్మీ చెప్పినదాంట్లో పాయింట్ ఉంది. పైగా వకీలు సాబ్ సగం కథే చెప్పిండు. 1956లో మమ్మల్ని ఆంధ్రతో కలిపింది కూడా ఇదే ఆర్టికల్ ఇచ్చిన అధికారంతోనే. రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ ఏమన్నది? తెలంగాణను ప్రస్తుతానికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగానే ఉంచండి, 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే అప్పుడు కలపండి అన్నది. విన్నరా? తెలంగాణకు రక్షణలిస్తమని పెద్దమనుషుల ఒప్పందం ఒకటి రాసుకున్నరు, కలిపేసిన్రు. 1969లో మేము రోడ్ల మీదికి వచ్చింది అందుకే. కాజీపేట జంక్షన్‌లో బండ్లు ఆగిపోతే ప్లాట్‌ఫారం మీదే పండుకున్న జనాన్ని చూసిన నేను. కలపడానికీ అదే కాగితం, విడదీయడానికీ అదే కాగితం. అయితే గా కాగితాన్ని ఎట్ల మొక్కాలె?

మోడరేటర్ | రాత్రి 11:06
చర్చ బాగుంది. ప్రాంతాల పేరు మీద తిట్లు మొదలైతే మాత్రం తాళం వేస్తాను. ఇప్పటికి రెండు పోస్టులు తీసేశాను.

జ్యోతి జనగామ | రాత్రి 11:30
బాబాయ్, మొక్కమని ఎవరన్నారు? నేను ఏటా క్లాసులో ఈ చర్చల పాఠం చెప్తాను. పిల్లలకు అంబేద్కర్ తెలుసు, నెహ్రూ తెలుసు. కె.టి. షా ఎవరికీ తెలియడు. సభలో ఆయన పెట్టిన సవరణలు ఎన్నో, దాదాపు అన్నీ ఓడిపోయాయి. ఇదే 1948 నవంబర్‌లో, మొదటి ఆర్టికల్‌లోనే సెక్యులర్, ఫెడరల్, సోషలిస్టు అనే మాటలు చేర్చాలన్నారు. వీగిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత, ఎమర్జెన్సీలో 42వ సవరణతో వాటిలో రెండు పీఠికలోకి వచ్చాయి. ఎవరు, ఏ పరిస్థితిలో తెచ్చారన్నది వేరే గొడవ.

నాగు గారు ఇప్పుడు ఇక్కడ వాదించింది షా వాదనే. ఓడిపోయిన మనిషి మాట ఇంత కాలం తర్వాత నెల్లూరు నుంచి ఒకరు ఎత్తి మాట్లాడగలుగుతున్నారంటే, ఆ సభ గెలిచినవాళ్ళ మాటలతోపాటు ఓడినవాళ్ళ మాటల్నీ అచ్చువేసి పెట్టింది కాబట్టే. ముసాయిదా మీద 7,635 సవరణలు వచ్చాయి, 2,473 సభలో చర్చకు పెట్టారు. రెండేళ్ళ పదకొండు నెలల పైన పట్టింది. అప్పట్లో పత్రికలు ఇంత ఆలస్యమా అని ఎగతాళి చేశాయి. నాకైతే ఆ ఆలస్యమే నచ్చుతుంది. ఫర్మానాకు ఒక్క పూట చాలు.

ఇంకోటి. మన సంతకం లేదు, ఒప్పుకుంటాను. కానీ సంతకం లేని మన జనం దాన్ని ఏం చేశారో చూడండి. 1951 అక్టోబర్ 21న సాయుధ పోరాటం విరమించారు. కమ్యూనిస్టు పార్టీ మీద ఇక్కడ నిషేధం, అందుకని పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో 1952 ఎన్నికల్లో నిలబడ్డారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. మన వరంగల్ నుంచి పెండ్యాల రాఘవరావు లోక్‌సభకు వెళ్ళారు. దొర గడి ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన మనిషికీ ఒక ఓటు, దొరకూ ఒకే ఓటు. ఫర్మానాలో వచ్చిందో ఇంకెలా వచ్చిందో, దాన్ని సొంతం చేసుకున్న తీరు ఇది. బాబాయ్ బీపీ తగ్గాలి మరి.

కాజీపేట రైలుబండి | రాత్రి 11:41
సగం తగ్గింది. గడి మాట నిజం బిడ్డా. మా నాయన చెప్పేటోడు, ఓటు పెట్టెల దగ్గర లైన్లో దొర వెనకాల నిలబడ్డప్పుడు కాళ్ళు వణికినయట.

భీమారం బ్యాచ్ | ఉదయం 6:15
సీరియస్‌గా ఒక ప్రశ్న. మాలాంటి వాళ్ళకు రాజ్యాంగం అంటే ఉద్యోగాల్లో, చదువుల్లో స్థానికులకు కోటా ఇచ్చే ఆర్టికల్ 371-డి. లోకల్, నాన్‌లోకల్, జోన్, మల్టీజోన్. మా రూమ్‌లో నలుగురం ఉన్నాం, నలుగురికీ ఏడో తరగతి దాకా ఎక్కడ చదివామో చెప్పే బోనఫైడ్‌లే పెద్ద ఆస్తి. ఒకడు నాలుగు నుంచి ఏడు దాకా హాస్టల్ మారి రెండు జిల్లాల్లో చదివాడు, వాడి టెన్షన్ వాడిది. ఈ 371-డి అసలు సభలో ఉందా, తర్వాత పెట్టారా?

హన్మకొండ వకీలు | ఉదయం 7:50
సభలో లేదు తమ్మీ. మనం కొట్లాడితే వచ్చింది. దానికి విత్తనం మాత్రం ఆర్టికల్ 16లో ఉంది. ఉద్యోగాల్లో నివాసం పేరుతో వివక్ష చూపకూడదంటూనే, మూడో క్లాజులో పార్లమెంటు కావాలంటే నివాసం షరతు పెట్టవచ్చని ఒక సందు ఉంచారు. 1957లో దాని కింద చట్టం చేశారు. 1969 మార్చిలో సుప్రీంకోర్టు అందులో తెలంగాణకు సంబంధించిన భాగాన్ని కొట్టేసింది. కారణం ఏమిటంటే, రాష్ట్రం మొత్తానికి నివాసం షరతు పెట్టొచ్చు గానీ, రాష్ట్రంలో ఒక ముక్కకు పెట్టే అధికారం ఆ క్లాజు ఇవ్వదు. 1972లో ముల్కీ నిబంధనలు (నిజాం కాలం నుంచి ఉన్న, స్థానికులకే ఉద్యోగాలన్న నియమాలు) చెల్లుతాయని అదే కోర్టు అన్నది. ఈసారి అటువైపు ప్రత్యేక ఆంధ్ర కావాలంటూ జై ఆంధ్ర ఉద్యమం లేచింది. రెండింటి మధ్య రాజీగా ఆరు సూత్రాల పథకం, 32వ సవరణ, 371-డి. దాని కింద 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఇప్పుడు నీ రూమ్‌లో నడుస్తున్నది 2018 ఉత్తర్వు, ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు. మన వరంగల్ భద్రాద్రి జోన్‌లో ఉంది.

కోర్టు ఒకటంటుంది, జనం ఒప్పుకోరు, పార్లమెంటు సవరిస్తుంది, మళ్ళీ కోర్టు చూస్తుంది. ఎంతవరకు సవరించవచ్చో 1973లో కేశవానంద భారతి కేసులో పదమూడు మంది జడ్జీలు కూర్చుని 7–6తో తేల్చారు: మౌలిక స్వరూపం జోలికి పోవద్దు. ఆ ఏడుగురిలో మన హైదరాబాద్ నుంచి వెళ్ళిన జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి ఒకరు. ఇది బిట్టుగా రావచ్చు, రాసుకో.

నెల్లూరు నాగు | ఉదయం 8:20
బిట్టులు చెప్పి నా ప్రశ్న దాటేశారు వకీలు గారూ :)

హన్మకొండ వకీలు | ఉదయం 8:34
దాటెయ్యలేదు నాగు గారూ. కాశ్మీర్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. అభిప్రాయం చెప్పే సభే లేనప్పుడు ఆ షరతుకు అర్థం పోయింది. 2023 డిసెంబర్ తీర్పులో లడఖ్ ఏర్పాటును కోర్టు సమర్థించింది. జమ్మూ కాశ్మీర్ మిగతా భాగానికి రాష్ట్ర హోదా తిరిగిస్తామని కేంద్రం చెప్పడంతో ఆ ప్రశ్నలోకి పోలేదు. పోయి ఉండాల్సింది. ఆంధ్ర విషయంలో మాత్రం ఏకీభవించను. అక్కడ సభ ఉంది, చర్చకు గడువిచ్చారు, గడువు పెంచారు, మీ వాళ్ళు వద్దన్నారు. వద్దనే హక్కు ఉంది, ఆపే హక్కు లేదు. సంతానం చెప్పింది మద్రాసులో మీ పక్షాన న్యాయమైతే, హైదరాబాద్‌లో మా పక్షాన ఎందుకు కాదు?

నెల్లూరు నాగు | ఉదయం 8:51
ఆ ఒక్క ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు గానీ, టీవీ ఎందుకు ఆపారన్న ప్రశ్నకు మీ దగ్గరా లేదు.

మంగపేట మాస్టర్ | ఉదయం 9:30
రాత్రి నుంచి చదువుతున్నాను. మీరంతా అసెంబ్లీ, పార్లమెంటు అంటున్నారు. మా వైపు రాజ్యాంగం అంటే ఆదివాసీ ప్రాంతాల పాలన గురించి చెప్పే ఐదో షెడ్యూల్. నేను కోయ కుటుంబం నుంచి వచ్చి టీచర్ అయినవాణ్ణి.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను కాల్చి చంపాక నిజాం సర్కారుకు భయం పట్టుకుని, గోండుల పరిస్థితి చూడమని హైమెండార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్తను పిలిపించింది. అప్పటిదాకా మేము ఉన్నట్టు ఎవరి కాగితాల్లోనూ లేదు. రాజ్యాంగ సభలో మా ప్రాంతం నుంచి మనిషి లేడు, నిజమే. కానీ ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా ఉన్నాడు. 1946 డిసెంబర్‌లోనే లేచి, ఆదివాసులకు మీరు ప్రజాస్వామ్యం నేర్పేదేంటి, మీరే వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి అని చెప్పాడు. ఎక్కడి ఛోటా నాగ్‌పుర్, ఎక్కడి మంగపేట! అయినా ఆ మాట మాదే. 1950 డిసెంబర్‌లో రాష్ట్రపతి ఉత్తర్వుతో ఆదిలాబాద్, వరంగల్ జిల్లాల్లో ఊళ్ళ పేర్లు రాసి మరీ షెడ్యూల్డ్ ప్రాంతంగా ప్రకటించారు. 1/70 చట్టం (1970 నాటి గిరిజన ప్రాంత భూముల చట్టం) నిలబడింది దాని మీదే. ఏజెన్సీలో గిరిజనేతరుడు గిరిజనేతరుడికి కూడా భూమి అమ్మకూడదు. కోర్టుకు పోయారు, 1988లో సుప్రీంకోర్టు చట్టం పక్షానే చెప్పింది.

మన పీవీ ప్రధానిగా ఉన్నప్పుడు 73వ సవరణ వచ్చింది, పంచాయతీలకు ప్రాణం వచ్చింది. అందులో షెడ్యూల్డ్ ప్రాంతాలను మినహాయించారు కాబట్టి 1996లో పెసా చట్టం (పంచాయతీ పాలనను షెడ్యూల్డ్ ప్రాంతాలకు విస్తరించే చట్టం) వచ్చింది. గ్రామసభే పెద్ద అన్నారు. ఇక అసలు సంగతి చెప్తాను. గోదావరి ఒడ్డున ఇసుక రీచ్ (ఇసుక తవ్వే చోటు) గిరిజన సొసైటీకి ఇవ్వాలంటే గ్రామసభ తీర్మానం కావాలి. మా దగ్గర ఒక ఊళ్ళో సభ అంటే ఇలా ఉంటుంది: బడి వరండాలో రెండు బల్లలు, ఒక రిజిస్టరు. తీర్మానం రాయాల్సిన పేజీ తెల్లగా ఉంటుంది. వేలిముద్రలు మాత్రం ముందు పేజీ నుంచే మొదలవుతాయి. ఇంకు ప్యాడ్ ఎండిపోతే నీళ్ళ చుక్క వేసి మళ్ళీ నొక్కుతారు. జనం చెట్టు కింద కూర్చుని ఉంటారు, మైకులో ఏదో చదువుతారు, ఏమి చదివారో అడిగితే "అన్నీ అయిపోయినయి, పోండ్రి" అంటారు. కాగితం మీద సొసైటీ మాది. లారీలు, లాభం ఇంకొకరివి.

2020లో జీవో 3 కూడా కోర్టులో పోయింది. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అన్న జీవో అది. నా తర్వాతి పిల్లలకు ఆ అవకాశం లేదు. చెల్లెమ్మకు చెప్పండి, "కాదు" పక్షానికి ఇది కూడా పనికొస్తుంది. "అవును" పక్షానికైతే 1/70 పనికొస్తుంది.

ఓరుగల్లు పోరడు | ఉదయం 10:02
మాస్టర్ గారూ, చెల్లె ఇది చదివి పక్షం మార్చుకోవచ్చా అని మేడమ్‌ను అడుగుతానంటోంది. మేడమ్ ఒప్పుకోదు. ఐదో షెడ్యూల్ కూడా పెడతానంది.

జ్యోతి జనగామ | ఉదయం 10:20
మార్చుకోనక్కర్లేదు. ఖాళీ సీట్లతో మొదలుపెట్టి, మాస్టర్ గారి రిజిస్టరు దగ్గర ఆపమను. ఆ మధ్యలో సంతానం ఉదాహరణ తనే ముందు చెప్పేస్తే, అవతలి వాళ్ళకు వాడుకోవడానికి ఏమీ మిగలదు. టైమ్ ఎంతిచ్చారో కనుక్కో. ఐదు నిమిషాలైతే కేశవానంద వదిలేయమను.

కాజీపేట రైలుబండి | ఉదయం 10:31
మాస్టర్, ఆ తెల్ల పేజీ మీద తర్వాత ఏం రాసిన్రో మీ ఊరోళ్ళు ఎప్పుడన్నా చూసిన్రా?

మంగపేట మాస్టర్ | ఉదయం 10:44
చూపించరు సార్. రిజిస్టరు మండల ఆఫీసులో ఉందంటారు, అక్కడికి పోతే పంచాయతీలో ఉందంటారు.

హన్మకొండ వకీలు | ఉదయం 11:05
మాస్టర్ గారూ, మీరు ఉద్యోగి కాబట్టి మీ పేరుతో వద్దు. ఊళ్ళో ఓటు ఉన్న ఎవరైనా ఒకరు తెల్ల కాగితం మీద సమాచార హక్కు దరఖాస్తు రాయాలి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో అయితే 5 రూపాయలు. రెండు చోట్లా ఒకే రోజు వేయించండి, అప్పుడు ఒకరి మీద ఒకరు తోసుకోలేరు. మూడు అడగండి: ఆ తేదీ గ్రామసభ తీర్మానం నకలు, హాజరు సంతకాల పేజీల నకలు, సభకు ముందు ఇచ్చిన నోటీసు నకలు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు నేను రాసిస్తాను, డబ్బులేమీ వద్దు. దరఖాస్తు నమూనా సాయంత్రం కోర్టు నుంచి వచ్చాక ఇక్కడే పెడతాను. రసీదు తీసుకోవడం మాత్రం మర్చిపోవద్దు. ముద్ర, తేదీ రెండూ ఉండాలి.